బండి కొత్తది, బ్రేకు మాత్రం కుయ్‌మంటోంది

నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్‌లో ముందు బండ్లు ఆగాయి. బ్రేకు మీద కాలు పెట్టాను. ఇంకో రెండు గజాల్లో ఆగుతాననగా ‘కుయ్య్’మని సన్నని అరుపు. పక్క ఆటోలో కూర్చున్న పెద్దావిడ చెవి మూసుకుంది. ఆటో డ్రైవర్ నా నంబర్ ప్లేట్ చూసి, తర్వాత నా మొహం చూసి నవ్వాడు. టీజీ 05 అక్షరాల మెరుపు ఇంకా తగ్గలేదు మరి. కారు కొని నాలుగు నెలలు, తిరిగింది 5,200 కిలోమీటర్లు.

సాయంత్రానికల్లా మూడు తీర్పులు వచ్చాయి. షోరూం సర్వీస్ అడ్వైజర్ ఫోన్‌లో, “అది నార్మల్ సార్, కొత్తలో అట్లనే ఉంటది” అన్నాడు. మా వీధి చివర మెకానిక్ అన్న, “దుమ్ము కూసుంది. ప్యాడ్లు ఇప్పి రుద్దితే పోతది” అన్నాడు. మా బావ మాత్రం, “నీకు డిఫెక్ట్ పీస్ అంటగట్టిన్రు బామ్మర్దీ, కన్జ్యూమర్ కోర్టుల కేసెయ్” అని తేల్చేశాడు.

2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్లకు, 350 సీసీ దాకా బైకులకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఆ తర్వాత కొత్త బండి ఎక్కినవాళ్లు చాలామంది నాకు తెలుసు. వాళ్లలో సగం మంది ఇదే ప్రశ్న అడిగారు: లక్షలు పోసి కొన్న బండి బ్రేకు అరవడమేంటి? పై ముగ్గురి మాటల్లోనూ కొంత నిజం ఉంది. ఏ మాట ఎప్పుడు నిజమవుతుందో తెలియాలంటే చక్రం లోపలికి తొంగిచూడాలి.

కాలు పెడలు మీద పెడితే లోపల జరిగేది

చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం పేరు డిస్క్. దానికి అటొకటి ఇటొకటి ఉండే బిళ్లలు బ్రేక్ ప్యాడ్లు. ఒక్కో ప్యాడ్‌కు వెనక ఉక్కు రేకు, దాని మీద అతికించిన రాపిడి పదార్థం ఉంటాయి. ఈ రెండు బిళ్లలను పట్టకారులా పట్టుకుని డిస్క్‌ను నొక్కేది క్యాలిపర్. మనం పెడలు తొక్కితే బ్రేక్ ఆయిల్ ఒత్తిడికి క్యాలిపర్‌లోని పిస్టన్ ముందుకొచ్చి లోపలి ప్యాడ్‌ను తోస్తుంది. చాలా కార్లలో పిస్టన్ ఒక వైపే ఉంటుంది. అందుకే క్యాలిపర్ రెండు పిన్నుల మీద పక్కకు జరిగి, బయటి ప్యాడ్‌ను కూడా డిస్క్‌కు ఆనిస్తుంది. ఈ పిన్నులు కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ వీటి దగ్గరికే వస్తాం.

బ్రేకు వేగాన్ని మాయం చేయదు, వేడిగా మారుస్తుంది. 1,200 కిలోల కారు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతూ పూర్తిగా ఆగిందనుకోండి. దానిలో ఉన్న శక్తి దాదాపు 3 లక్షల జౌళ్లు. లీటరు నీళ్లను 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవడానికి ఇంచుమించు అంతే కావాలి. అంటే నార్కట్‌పల్లి దగ్గర హైవే మీద ఒక్కసారి గట్టిగా ఆగితే, టీకి పెట్టిన లీటరు నీళ్లు మరిగేంత వేడి కొన్ని సెకన్లలో ఆ పళ్లేలు, బిళ్లల్లోకి చేరుతుంది. అదే కారు 40 వేగంలో ఉంటే సగం కాదు, నాలుగో వంతు వేడే పుడుతుంది. శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది మరి.

అరుపు ఎక్కడ పుడుతుంది

బ్లాక్‌బోర్డు మీద సుద్దముక్క నిలువుగా పట్టి గీస్తే ఒళ్లు జలదరించే చప్పుడు వస్తుంది కదా. సుద్దముక్క బోర్డుకు క్షణం అంటుకుంటుంది, జారుతుంది, మళ్లీ అంటుకుంటుంది. ఇది సెకనుకు వందల, వేల సార్లు జరిగితే అది వణుకు. ఆ వణుకే చెవికి కీచుమని వినిపిస్తుంది. ప్యాడ్‌కూ డిస్క్‌కూ మధ్య జరిగేదీ ఇలాంటిదే. ప్యాడ్ వణుకు, డిస్క్ సహజంగా మోగే స్థాయి దగ్గరదగ్గరగా కుదిరితే ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటాయి. అప్పుడు డిస్క్ గుడి గంటలా మోగుతుంది. బ్రేక్ కీచు సాధారణంగా 1,000 హెర్ట్జ్ (అంటే సెకనుకు వెయ్యి వణుకులు) పైన ఉంటుంది, 10,000 దాటేదీ ఉంది. మన చెవి అన్నిటికన్నా చురుగ్గా వినేది 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య. చిన్న వణుకు కూడా వీధంతా వినపడేది అందుకే.

బండి ఆగబోయే చివరి క్షణంలోనే ఎందుకు అరుస్తుందంటే, వేగం తగ్గే కొద్దీ అంటుకోవడం, జారడం అనే ఆట ఎక్కువవుతుంది. మెల్లగా, తేలిగ్గా బ్రేకు నొక్కినప్పుడు మరీనూ. గట్టిగా తొక్కితే ప్యాడ్ కదలకుండా బిగుసుకుని, చప్పుడు ఒక్కోసారి ఆగిపోతుంది.

ఎడ్లబండి ఇరుసు కిర్రుమంటే కందెన పెట్టేవాళ్లు మన పెద్దలు. ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి పూసేవాళ్లు. పాలమూరు, నల్లగొండ చెల్కల్లో ఆముదాలకు కొదవ ఉండేది కాదు. మనకు ఆ అలవాటు నరనరాన ఉంది: తలుపు అరిస్తే నూనె, కుట్టుమిషను అరిస్తే నూనె. కానీ ఇరుసు పని రాపిడి లేకుండా తిరగడం, బ్రేకు పనే రాపిడి. అక్కడ నూనె చుక్క పడితే చప్పుడుతో పాటు బ్రేకు కూడా పోతుంది. సరదాకి ఇంకో సంగతి: తొలినాళ్లలో హైడ్రాలిక్ బ్రేకుల్లో పోసిన ఆయిల్‌ను ఆముదం, ఆల్కహాల్ కలిపే తయారుచేసేవాళ్లు. అది గొట్టం లోపల ఒత్తిడి మోయడానికి, ప్యాడ్‌కు రాయడానికి కాదు.

ఇక్కడ రెండు విషయాలు విడదీసి చూడాలి. బండిని ఆపేది రాపిడి, చెవిని కోసేది వణుకు. రెండూ ఒకే చోట పుడతాయి గానీ ఒకటి కాదు. బాగా పట్టే బ్రేకు అరవొచ్చు. ప్యాడ్ మీద ఆయిల్ కారిన బ్రేకు నిశ్శబ్దంగా ఉండి, అవసరం పడ్డ రోజు పట్టకపోవచ్చు.

పాత బండికి లేని గోల కొత్తదానికెందుకు

పాత బండ్లకు అసలు లేదనడం సగం జ్ఞాపకమే. అంబాసిడర్ బ్రేకులూ అరిచేవి, కాకపోతే ఆ డీజిల్ మోతలో ఎవరికి వినపడింది? ఇప్పుడు ఇంజిన్ సన్నగా మోగుతుంది, అద్దాలు ఎత్తేసి ఉంటాయి, చిన్న చప్పుడు కూడా చెవిన పడుతుంది. ఎలక్ట్రిక్ బండి అయితే చెప్పక్కర్లేదు.

అయినా మారినవి నిజంగానే ఉన్నాయి. ఒకప్పుడు ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండేది. మెత్తగా, నిశ్శబ్దంగా పనిచేసేది, కానీ ఆ పొడి ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తుంది. పెద్ద కంపెనీలు దాన్ని వదిలేసి వేరే నారలు, లోహపు పొడి, సిరామిక్ మిశ్రమాల వైపు వెళ్లాయి. లోహం పాలు ఎక్కువున్న ప్యాడ్ వేడిని బాగా తట్టుకుంటుంది, పట్టూ బాగుంటుంది, అరుపు మాత్రం కాస్త ఎక్కువ. సిరామిక్ రకం నెమ్మదస్తురాలు, ధర ఎక్కువ. ఇంకోటి, డ్రమ్ బ్రేకు మూతపెట్టిన గిన్నె లాంటిది, చప్పుడు కొంత లోపలే ఉంటుంది. డిస్క్ గాలికి తెరిచి ఉంటుంది, చప్పుడూ నేరుగా బయటికొస్తుంది.

కొత్త ప్యాడ్, కొత్త డిస్క్ ఒకదానికొకటి అలవాటు పడటానికీ సమయం కావాలి. మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో ప్యాడ్ పదార్థం పల్చటి పొరగా డిస్క్ మీద సమంగా పరుచుకోవాలి. ఆ పొర అతుకులు అతుకులుగా పడితే చప్పుడు వస్తుంది. “కొత్తలో అట్లనే ఉంటది” అనే మాటకు ఆధారం ఇదే. కాకపోతే 5,200 కిలోమీటర్ల తర్వాత కూడా అదే మాట వినడానికి నాకు మనసొప్పలేదు.

ఆటోమేటిక్ గేరు కార్లలో ఇంకో వింత చప్పుడుంది. సిగ్నల్ దగ్గర బ్రేకు కొద్దిగా వదలగానే బండి పాకుతుంది, అప్పుడు ‘కుర్ర్’మని లావు మూలుగు వినిపిస్తుంది. సగం పట్టి సగం వదిలిన ప్యాడ్ అంటుకుంటూ జారుతూ చేసే చప్పుడది. జారుడు రోడ్డు మీద గట్టిగా తొక్కినప్పుడు పెడలు కాలి కింద టకటకా తన్ని గరగరమంటే అది ఏబీఎస్, చక్రాలు బిగుసుకుపోయి జారకుండా చూసే ఏర్పాటు, తన పని తాను చేస్తోంది. తెలియనివాళ్లు భయపడి కాలు తీసేస్తారు. అక్కడ అసలు ప్రమాదం కాలు తీయడమే.

మన మొరం, మన వడ్లు, మన ఘాట్

దక్షిణ తెలంగాణ రోడ్ల మీద నడిచే బ్రేకుకు పరీక్షలు కొంచెం ఎక్కువే. మొరం రోడ్ల ఎర్రదుమ్ము, క్రషర్ల దగ్గర గ్రానైట్ పొడి, మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల ఊక, యాసంగి కోతలప్పుడు రోడ్డంతా పరిచిన వడ్ల దుమ్ము. ఇవన్నీ డిస్క్‌కూ ప్యాడ్‌కూ మధ్య, ప్యాడ్ వెనక, పిన్నుల రబ్బరు తొడుగుల దగ్గర చేరతాయి. వాన పడితే అదే పేస్టులా గట్టిపడుతుంది. మొరం రోడ్డు మీద ఒక చిన్న కంకర ముక్క డిస్క్‌కూ దాని వెనకుండే రేకుకూ మధ్య ఇరుక్కుంటే వచ్చే చప్పుడుకు బండి ముక్కలైపోయిందేమో అనిపిస్తుంది. ఒక్కోసారి నాలుగు గజాలు రివర్స్ తీసేసరికి రాయి రాలిపోతుంది, అంతటితో సరి.

పొద్దున్నే వచ్చే అరుపుకు కారణం తుప్పు. డిస్క్ పోతఇనుముతో చేస్తారు. రాత్రి మంచు పడినా, వాటర్ సర్వీసింగ్ చేయించి అలాగే పెట్టినా దాని మీద నారింజ రంగు పల్చటి తుప్పు పొర వస్తుంది. మూడు నాలుగు బ్రేకులకు అది గీసుకుపోతుంది, చప్పుడూ పోతుంది. ఎలక్ట్రిక్ బండ్లలో మోటారే సగం బ్రేకు పని చేసి బ్యాటరీకి ఛార్జి ఇస్తుంది కాబట్టి డిస్క్‌కు పని తక్కువ, తుప్పుకు తీరిక ఎక్కువ.

ఇక ఘాట్. హైదరాబాద్ నుంచి కల్వకుర్తి, మన్ననూరు మీదుగా శ్రీశైలం పోయే దారిలో దోమలపెంట దాటాక డ్యాం వైపు దిగే మలుపులు చూసినవాళ్లకు తెలుసు. లెక్క కోసం 300 మీటర్ల ఎత్తు దిగామనుకుందాం. అదే 1,200 కిలోల కారుకు ఆ ఎత్తులో ఉన్న శక్తి 35 లక్షల జౌళ్ల పైమాటే. పైన చెప్పిన లీటరు నీళ్ల లెక్కలో పన్నెండు లీటర్లు, అంటే ఒక బిందె నీళ్లు మరిగించేంత. గేరు తగ్గించి దిగితే ఇందులో పెద్ద వాటా ఇంజిన్ మోస్తుంది. న్యూట్రల్‌లో పెట్టి పెట్రోలు మిగులుద్దామనుకుంటే దాదాపు అంతా ప్యాడ్ల మీదే పడుతుంది. అంత వేడికి ప్యాడ్ ముఖం గట్టిపడి అద్దంలా మెరుస్తుంది. మెకానిక్‌లు ‘గ్లేజింగ్’ అనేది దీన్నే. ఆ మెరిసిన ముఖం పట్టు తక్కువ, అరుపు ఎక్కువ. పండక్కి శ్రీశైలం పోయొచ్చాకే చప్పుడు మొదలైందని చెప్పేవాళ్ల మాటలో తర్కం ఉంది.

అన్ని చప్పుళ్లూ ఒకటి కావు

పొద్దున నాలుగు బ్రేకులకు వచ్చి పోయే కీచుకూ, రోజంతా ప్రతి బ్రేకుకూ వచ్చే కీచుకూ తేడా ఉంది. రెండోది దుమ్మో, గ్లేజింగో, వదులైన క్లిప్పో కావచ్చు. ప్యాడ్ వెనక వణుకును మింగడానికి రబ్బరు పూసిన పల్చటి రేకు పెడతారు, దాన్ని షిమ్ అంటారు. అది జరిగిపోయినా అంతే. చౌక ప్యాడ్లలో షిమ్ ఉండకపోవచ్చు, తొందరలో మెకానిక్ తిరిగి బిగించకపోవచ్చు.

చాలా ప్యాడ్లకు చిన్న ఉక్కు నాలుక ఒకటి ఉంటుంది. ప్యాడ్ మందం 2, 3 మిల్లీమీటర్లకు వచ్చేసరికి అది డిస్క్‌కు తగిలి కావాలనే అరుస్తుంది. కంపెనీవాళ్లు పెట్టిన అలారం అది. బ్రేకు తొక్కకపోయినా చక్రం తిరుగుతుంటే సన్నగా వినపడి, తొక్కగానే మారే అరుపు చాలాసార్లు ఇదే. దాన్ని పట్టించుకోకపోతే తర్వాత వచ్చేది గరగర: పదార్థం అరిగిపోయి ఉక్కు రేకు డిస్క్‌ను కోస్తున్న చప్పుడు. దాన్ని నార్మల్ అనేవాళ్లు ఎవరూ ఉండరు, ఉండకూడదు.

వేగంలో బ్రేకేస్తే స్టీరింగ్ వణికితే కథ వేరు. “డిస్క్ వంకర పోయింది” అంటాం గానీ చాలాసార్లు డిస్క్ వంగి ఉండదు. చుట్టూతా మందంలో వెంట్రుక మందంలో సగం కూడా లేని తేడా వచ్చినా చేతికి తెలుస్తుంది. పంక్చర్ షాపులో మెషిన్‌తో చక్రం నట్లు ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ బిగించడం కూడా అందుకు దారితీయవచ్చు.

చక్రం ఊడదీసినప్పుడు

మెకానిక్ అన్న నా బండి ఎడమ ముందు చక్రం తీశాడు. రెండు ప్యాడ్లు ఊడదీసి పేపర్ మీద పెట్టాడు. బయటి ప్యాడ్ ముఖం సమంగా, మసి రంగులో ఉంది. లోపలిదాని అంచున వేలెడు వెడల్పు పట్టీ అద్దంలా మెరుస్తోంది. వెనక షిమ్‌కు ఎర్రమట్టి గట్టిగా పట్టి ఉంది. స్కేలు పెట్టాడు: బయటిది 10 మిల్లీమీటర్లు, లోపలిది 9. “కొత్తవి పదకొండు ఉంటయ్” అన్నాడు.

ఆ ఒక్క మిల్లీమీటర్ తేడా చిన్నదిగా కనిపిస్తుంది. లెక్కేస్తే అలా ఉండదు. బయటి ప్యాడ్ 5,200 కిలోమీటర్లకు 1 మిల్లీమీటర్ అరిగింది. 3 మిల్లీమీటర్లకు రావడానికి ఇంకా 7 ఉంది, అంటే 36,400 కిలోమీటర్లు. లోపలిది అదే దూరానికి 2 అరిగింది, మిల్లీమీటర్‌కు 2,600. మిగిలిన 6 మిల్లీమీటర్లు 15,600 కిలోమీటర్లకే అయిపోతాయి. చక్రం సందుల్లోంచి టార్చి వేసి చూస్తే కనపడేది బయటి ప్యాడే. దాన్ని చూసి నిశ్చింతగా ఉంటే లోపలిది సగం దారిలోనే చేతులెత్తేస్తుంది.

ఎందుకలా? అన్న క్యాలిపర్ పిన్ను ఒకటి చేత్తో లాగాడు, వచ్చింది. రెండోది రాలేదు. పటకారు పెట్టి తిప్పితే గానీ కదల్లేదు. రబ్బరు తొడుగు కొన దగ్గర చిరిగి, లోపలికి దుమ్ము పోయింది. క్యాలిపర్ పక్కకు జరగలేక లోపలి ప్యాడ్ డిస్క్‌కు రాసుకుంటూనే ఉంది. “చప్పుడు కాదన్నా నీ కంప్లైంట్, గిదీ” అన్నాడు.

రుద్దే ముందు ఫోన్‌తో ఫొటోలు తీశాను. అన్న గ్రానైట్ ముక్క ఒకటి తెచ్చి, దాని మీద ఎమెరీ పేపర్ పరిచి, ప్యాడ్‌ను బోర్లించి ఎనిమిది ఆకారంలో మెల్లగా తిప్పాడు. పేపర్‌ను చేత్తో పట్టుకుని ప్యాడ్ మీద రుద్దితే అంచులు ఒరిగిపోతాయట. పొడి ఊదకుండా తడిగుడ్డతో తుడిచాడు. పక్క షెడ్డు కుర్రాడు ఇంజిన్ గ్రీజు డబ్బా అందిస్తే వెనక్కి నెట్టేశాడు. “గది వేడికి కారి ప్యాడ్ మీదికొస్తది, గప్పుడు బండి ఆగదు” అని, చిన్న ట్యూబులోంచి సిలికాన్ గ్రీజు పిన్నులకు మాత్రం పూశాడు.

రుద్దడం మంచిదా చెడ్డదా అనే వాదన ఎప్పుడూ ఉంది. షోరూంలవాళ్లు వద్దంటారు: ప్యాడ్ ముఖం వంకర పోతుంది, అసలు కారణం అలాగే ఉంటుంది, పొడి ఊపిరికి చెడ్డది అని. బయటి మెకానిక్‌లు అంటారు: రెండొందల పనితో పోయేదానికి కొత్త ప్యాడ్లు ఎందుకు కొనాలి అని. గ్లేజింగ్ పైపైనే ఉంటే రుద్దడం నిజంగా పనిచేస్తుంది. పిన్ను పట్టేసి ఉంటే రుద్దిన వారానికే మళ్లీ మొదలవుతుంది. మా అన్న రుద్ది ఊరుకుని ఉంటే నేనూ అలాగే తిరిగేవాణ్ని.

వారంటీలో వస్తుందా, కేసు నిలుస్తుందా

బ్రేక్ ప్యాడ్లు అరిగే వస్తువులు కాబట్టి మామూలు అరుగుదలకు చాలా వారంటీలు వర్తించవు. కీచు చప్పుడును కంపెనీలు లోపంగా కాక బ్రేకు గుణంగా చూస్తాయి. కొనేవాడి వైపు నుంచి చూస్తే, ఇంత డబ్బు పెట్టిన వస్తువు నలుగురిలో తల దించుకునేలా చేయకూడదని అనుకోవడం అత్యాశేం కాదు. ఈ రెంటి మధ్య గీత ఒక్కోసారి సన్నగా ఉంటుంది. నాలుగు నెలల్లో పట్టేసిన పిన్ను, చిరిగిన తొడుగు మాత్రం గీతకు అవతలివి. అవి అరుగుదల కిందకు రావు.

బావ చెప్పిన దారీ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద వచ్చిన నిబంధనల ప్రకారం, చెల్లించిన ధర 50 లక్షల లోపు ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్ వింటుంది. హైదరాబాద్‌లో కొన్నా, నల్లగొండలో నివాసం ఉన్నవాళ్లు నల్లగొండలోనే ఫిర్యాదు చేయవచ్చు, మహబూబ్‌నగర్‌వాళ్లు మహబూబ్‌నగర్‌లో. గడువు రెండేళ్లు. ఫీజు 5 లక్షల దాకా లేదు, 9 లక్షల కారుకైతే 200 రూపాయలు. ముందుగా ఫోన్‌లో చెప్పుకోవాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

ఫీజు చిన్నదే, రుజువు పెద్దది. లోపం ఉందని చూపించాల్సింది ఫిర్యాదుదారే. చప్పుడు కమిషన్ హాల్లోకి రాదు, షోరూం టెస్ట్ డ్రైవ్‌లో కూడా అప్పుడే మాయమవుతుంది. అందుకే బండి సర్వీస్‌కు ఇచ్చినప్పుడు షోరూంవాళ్లు రాసే జాబ్ కార్డులో ‘కస్టమర్ కంప్లైంట్: బ్రేక్ నాయిస్’ అని కిలోమీటర్లతో సహా రాయించుకున్న కాగితం నోటిమాట కన్నా ఎక్కువ బరువు తూగుతుంది. కంపెనీలు బండ్లను వెనక్కి పిలిచే రీకాల్ వేరే సంగతి. మోటారు వాహనాల చట్టంలో దానికి 110ఏ సెక్షన్ ఉంది. అది ప్రాణానికో పర్యావరణానికో హాని చేసే లోపాలకు సంబంధించింది, ఒట్టి కీచు దాని పరిధిలోకి రాదు.

నేను కేసు దాకా పోలేదు. షోరూంకు వెళ్తే అడ్వైజర్ మొదటి మాటే, “బయట ఇప్పిచ్చిన్రు గదా సార్, ఇప్పుడు మేమేం జెయ్యాలె?” అన్నాడు. అతని మాటా తీసిపారేసేది కాదు. తొడుగు మెకానిక్ చేతిలో చిరిగిందో ముందే చిరిగిందో అతనికెలా తెలుస్తుంది? ముందు షోరూంలో విప్పించి, తర్వాత బయటికి పోవాల్సింది. రుద్దకముందు తీసిన ఫొటోలు, చిరుగు దగ్గర గట్టిపడ్డ మట్టి చూపించాక లోపలికి వెళ్లి ఎవరితోనో మాట్లాడొచ్చాడు. పిన్నులు, తొడుగులు ఉచితంగా మార్చారు. ప్యాడ్లు మార్చలేదు, నేనూ అడగలేదు.

మొన్న 8,000 కిలోమీటర్ల దగ్గర అన్నతో మళ్లీ కొలిపించాను. బయటిది తొమ్మిదిన్నర, లోపలిది ఎనిమిదిన్నర. రెండూ ఇప్పుడు సమానంగా అరుగుతున్నాయి. పొద్దున ఇంటి ముందు నుంచి తీస్తే మొదటి రెండు బ్రేకులకు ఇప్పటికీ కుయ్‌మంటుంది, క్లాక్ టవర్ చేరేలోపు ఆగిపోతుంది.